ముల్తానీ మట్టి ఆరేదాకా

మాట్లాడకుండ్రి టీచరమ్మా! అయ్యయ్యో, పెదవులు కదపకుండ్రి. ఇప్పుడే పెట్టిన ప్యాక్, పగిలిందంటే మల్ల మొదటికెళ్లి పెట్టాలె. ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు మీరు ఏం అనకుండ కూసుంటే చాలు, నేనే మాట్లాడ్త. నాకెట్లాగు నోరు ఊకుండదని ఈ గల్లీల అందరికి ఎర్కనే గదా.

అసలు గీ కుర్చీల ఎందుకు కూసున్నరో నాకు సమజ్ అయితలేదు. లోపల కొత్త కుర్చీ ఉన్నది, ఫ్యాన్ ఉన్నది, పరదా ఉన్నది. ఫేషియల్‌కు వచ్చినోళ్లు ఎవలైనా గాడనే కూసుంటరు. మీరేమో తలుపు పక్కన, రోడ్డు మీద పోయేటోళ్లందరికి కనపడేటట్టు! ఎండ సక్కగ మొఖం మీద కొడ్తున్నది. కండ్ల మీద కీర ముక్కలు పెడ్తనంటే అవి గూడ వద్దన్నరు. సరే, మీ ఇష్టం. టీచర్లతోని వాదించేటంత దమ్ము నాకు బడికి పోయిన్నాడే లేకుండె.

ఏంది, అద్దంల అటు చూస్తున్నరు? గోడ మీద గదా? అది టవల్. తడి టవల్, ఆరేసిన. గోడకెవరు ఆరేస్తరంటరా... మేకు కనపడ్డది, ఆరేసిన. అటు చూడకుండ్రి, మెడ తిప్పితే ప్యాక్ గుంజుకుంటది. బయటికి చూడుండ్రి. బస్టాపుల జనం చూడుండ్రి.

మీరు వచ్చినప్పటికెళ్లి నా కాళ్లు ఒక్కతాన నిలుస్తలేవు. చూసిన్రా, ఇంతల మూడుసార్లు ఆ దువ్వెన్లు సదిరిన. నిజం చెప్పుండ్రి... వద్దు వద్దు, చెప్పకుండ్రి. తల ఊపుండ్రి చాలు. మీరెప్పుడన్న పార్లర్‌కు వచ్చిన్రా మీ జన్మల? లేదు గదా. అరవై నాలుగేండ్ల మనిషి, పౌడర్ గూడ పూసుకోరు. చర్చి కెళ్లి సక్కగ గీడికొచ్చి, సంచి ఒళ్లె పెట్టుకొని, "ఏదో ఒకటి చెయ్యమ్మా, కాసేపు కూర్చోవాల్సిన పని ఏదుందో అది చెయ్యి" అన్నరు. కూసునే పని ఏందండి? ఎవరన్న ఫేషియల్ అడుగుతరు, త్రెడింగ్ అడుగుతరు. కూసునే పని అడిగినోళ్లను నేను మిమ్మల్నే చూసిన.

నేనైతే మిమ్మల్ని గడపల చూడంగనే, అయిపోయింది భాగ్యా, ఇగ నీ పని ఖతం అనుకున్న.

ఎందుకు ఖతమంటరా? మీకు తెల్వదా? మెయిన్ రోడ్డు మీద ఆ ఏసీ సెలూన్ పడ్డప్పటికెళ్లి నా బతుకు ఎట్లున్నదో ఈ ఖాళీ కుర్చీలనే అడుగుండ్రి. లేడీస్ హాస్టల్ పిల్లలు ఎంతమంది వస్తుండె నాకు! ఇప్పుడు అందరు అటే. గాడ కనుబొమ్మలు తీసి కాఫీ ఇస్తరట. కనుబొమ్మలకు కాఫీ ఏందమ్మా అంటే నవ్వుతరు. మా ఆయన ఒక్కటే పాట, షాపు మూసెయ్యి, లాలాగూడల మా అక్క తోని కలిసి చీరలకు ఫాల్స్ కుట్టుకో అని. పదహారేండ్ల సంది ముఖాలు చేసిన చెయ్యి ఇది. ఫాల్స్ కుట్టమంటడు!

గప్పుడే పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌ల ట్రైనింగ్ పెట్టిన్రు. చిన్న షాపులు నడిపే ఆడోళ్లకు, మూడు రోజులు. వాసంతి మేడం అని, సన్నగ, పొడుగ్గ, మమ్మల్ని పిల్లల లెక్క బెంచీల మీద కూసోబెట్టి చెప్పింది. "పెద్ద షాపులతో మీరు రేట్లలో పోటీ పడలేరు. మీ చుట్టూ జరిగే పండుగలకి, ఆటలకి, ఫంక్షన్లకి సాయం చేయండి. వాళ్ల మంచికి మీరు నిలబడితే మీ పేరు వాళ్లే మోస్తారు" అన్నది. నేను నోట్‌బుక్కుల రాసుకున్న, కింద గీత గూడ గీసిన. నా పక్కన పచ్చళ్లమ్మే వెంకటరమణమ్మ ఒకటే నిద్ర. గురక గూడ.

ఇప్పుడెవరు బాగున్నరంటరు? ఆమెనే! క్యాంపస్‌ల రక్తదానం పెడితే, ఇచ్చినోళ్లందరికి పెరుగన్నం, అంచుకు ఇంత మామిడికాయ ముక్క పెట్టింది. గంతే. ఇప్పుడు రెండు హాస్టళ్లకు ఆమె పచ్చడే పోతున్నది. నిద్రపోయి గూడ పాఠం వంటబట్టింది ఆమెకు. నాకు రాసుకున్నా రాలే.

నేనేం చేసిన్నో వినుండ్రి, నవ్వకుండ్రి గని. ఆఁ, నవ్వొద్దు, ప్యాక్! గణపతి మండపం కాడ ఫ్లెక్సీల నా షాపు పేరు ఏయించిన. ఆ ఫ్లెక్సీల నలభై మంది లీడర్ల ముఖాలు, దండం పెట్టుకుంట. కింద మూలకు నా పేరు. సరిగ్గ గా మూలకే కొబ్బరికాయలు కొట్టే రాయి ఆనిచ్చిన్రు. తొమ్మిది రోజులు నా పేరు మీద కొబ్బరినీళ్లు తప్ప ఇంకేం పడలే.

తర్వాత క్యాంపస్‌ల పొద్దుగాల ఉరుకుడు పందెం పెట్టిన్రు, ఐదు కిలోమీటర్లు. టేబుల్ ఏసుకొని, దువ్వెన్లు, రబ్బరు బ్యాండ్లు పెట్టుకొని, "ఆడవాళ్లకు ఉచితంగా జడలు వేయబడును" అని బోర్డు పెట్టిన. ఉరికేటోళ్లు ఆగుతరా? నాకు అక్కల్, బుద్ధి ఉండాలె గదా! ఒక్క ప్రొఫెసర్ సారు ఆగిండు. నెత్తి మీద ఒక్క ఎంటిక లేదు. మంచినీళ్లున్నయా అమ్మా అన్నడు.

బతుకమ్మకు అక్కల్ వచ్చింది. మాణికేశ్వర్ నగర్ల గల్లీ మధ్యల చాప ఏసుకొని కూసున్న. ఫ్లెక్సీ లేదు, బోర్డు లేదు. వచ్చిన పిల్లకు వచ్చినట్టు జడ ఏసి పూలు పెట్టిన. మూడు పూటలు వేళ్లు వంగలే నాకు, అన్నం స్పూన్‌తోని తిన్న. మల్ల వారం చూడుండ్రి, ఆ పిల్లల తల్లులు ఒకలెంట ఒకలు! "మా బిడ్డకు సక్కగ జడ ఏసిన ఆమె నువ్వేనా?" అనుకుంట. అప్పుడు సమజ్ అయింది. పేరు గోడ మీద ఉంటే ఎవలు చూడరు. చేతికొచ్చిన పని చేసి పెడితే మర్చిపోరు.

ఆ మాట పట్టుకొనే గదా మీరు వచ్చింది? డిసెంబర్ మొదటి వారం. గడప బయటనే నిలబడ్డరు, లోపలికి రాలే. "ఏమ్మా భాగ్యా, బతుకమ్మకి పిల్లలకి జడలు వేశావట కదా. మా సండే స్కూల్ పిల్లలు క్రిస్మస్ నాటకం వేస్తున్నారు. కాస్త ముఖాలు సర్దిపెడతావా? చర్చిలో రిపేర్లు జరుగుతున్నాయి, అందుకని క్యాంపస్‌లో హాలు తీసుకున్నాం" అన్నరు. ఎంత మర్యాదగ అడిగిన్రో! నాకైతే ఎగిరి దునుకబుద్ధయింది. మీ చర్చి అంటే తక్కువనా? ఎన్ని కుటుంబాలు, ఏడాదికెన్ని పెండ్లిండ్లు! రామంతాపూర్ కెళ్లి గూడ వస్తరు మీ ఆరాధనకు. ఆదివారం పూట ఈ బస్టాపు నిండేదే మీ వాళ్లతోని.

"ఒక్క మాటమ్మా. మా పద్ధతిలో బొట్టు ఉండదు, పూలు ఉండవు, గాజులు వద్దు. కొంచెం గుర్తుపెట్టుకో" అన్నరు. గల్లీ చివరి దాక పోయి మల్ల తిరిగొచ్చి అదే చెప్పిన్రు. నాటకం నాడు గూడ చెప్పిన్రు. మూడుసార్లు. గీ మూడుసార్లు అన్నది గుర్తుపెట్టుకోండ్రి టీచరమ్మా, మల్ల చెప్త ఎందుకో.

ఎండ మీదికొచ్చిందా? తలుపు దగ్గరికేస్త... వద్దా? తెరిసే ఉంచాల్నా? సరే సరే. చెయ్యి దించుండ్రి.

ఆ రోజు ఎంత మంచిగుండె! క్లాస్ రూముల మేకప్. బ్లాక్ బోర్డు మీద ఎవరిదో లెక్క సగం రాసి ఉన్నది. బెంచీల మీద ఇరవై రెండు మంది పిల్లలు. గొర్రెల కాపర్లకు గడ్డాలు అంటిస్తుంటే తుమ్ముతున్నరు, తుమ్మినప్పుడల్ల గడ్డం ఊడుతున్నది. ఒక దేవదూతకు రెక్క ఇరిగి ఒకటే ఏడుపు, నేను నా హెయిర్ పిన్నులతోని కుట్టినట్టు పెట్టిన. మీరేమో మధ్య మధ్యల వచ్చి నా నోట్ల బిస్కెట్ పెట్టి పోయిన్రు, నా చేతులు ఖాళీ లేవని. మా అమ్మ పోయినప్పటికెళ్లి నా నోట్ల ఎవలు అట్ల పెట్టలే.

ఆఖరుకు దీప్తి వచ్చి కూసున్నది. మీ మనుమరాలని చెప్తలేను, నా చేతి కింద ఎన్నో ముఖాలు పోయినయి గని అట్లాంటి ముఖం రాలే. నీలం చున్నీ నెత్తి మీద ఏసుకొని, కండ్లు కిందికి దించి, మరియమ్మ వేషంల. నేను కాటుక పెడ్తుంటే రెప్ప గూడ కొట్టలే. "ఆంటీ, నాకు భయమవుతోంది, పాట మధ్యలో మర్చిపోతానేమో" అన్నది. ఏం మర్చిపోవు బిడ్డా అన్న. ఎంత మంచిగ పాడింది గదా! నేను పక్క తలుపు కాడ నిలబడి ఇన్న.

పాడుకుంట పసిబిడ్డ తొట్టి మీదికి వంగింది. చున్నీ ఎనకకు జారింది. లైట్ పడ్డది. నొసట ఎర్ర రాయి స్టిక్కర్ తళుక్కుమన్నది.

హాలంత ఆ నొసటి దిక్కే చూసింది టీచరమ్మా.

మీ సంఘపెద్ద ఏసురత్నం గారిని నేనేమనను. ఆయన కోప్పడలే, గొంతు లేపలే. నాటకం అయినంక మెల్లగ అడిగిండు, "ఇది ఎవరు పెట్టారమ్మా?" అని. నేను ముందట పడి చెప్పిన, చెయ్యి అలవాటు సారూ అని. పదహారేండ్ల సంది ఏ ముఖం చేసినా ఆఖరుకు బొట్టు పెట్టే చెయ్యి, నాకు తెల్వకుండనే పెట్టేసింది అన్న. దండం పెట్టిన. మీ ఆడోళ్లు కొందరు అయ్యో పాపం అన్నరు గూడ.

ఆయన మాత్రం ఒక్క మాట అన్నడు. "అలవాటైతే ఇరవై రెండు మందికీ పెట్టాలి కదమ్మా. ఒక్క పిల్లకే ఎందుకు పెట్టింది చెయ్యి?" అందరు దీప్తి దిక్కు చూసిన్రు. అమ్మా, నువ్వు అడిగి పెట్టించుకున్నావా అన్నడు. పిల్ల తల వంచుకున్నది. అవునన్లే, కాదన్లే. అనకపోతే అవుననుకుంటరు గదా జనం!

మీరు లేచిన్రు. "తప్పు నాది, నేను చూసుకోవాల్సింది" అన్నరు. నా దిక్కు ఒక్కసారి గూడ చూడలే. చూస్తే బాగుండు. తిడితే ఇంకా బాగుండు.

పద్దెనిమిదేండ్లు సండే స్కూల్ నడిపిన మనిషిని, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి టీచర్ అన్నరట గదా. విశ్రాంతి! దీప్తిని పాటల గుంపుల కెళ్లి పక్కకు పెట్టిన్రని గూడ ఇన్న. ఈస్టర్ నెల రోజుల్ల ఉన్నది, ఇంకా పిలవలేదటగా? డిగ్రీ చదివే పిల్ల, నలుగుట్ల తలెత్తుకొని తిరిగే వయసు. మొన్న బస్టాపుల కనపడ్డది. నన్ను చూసి నవ్వింది టీచరమ్మా. అది నవ్వకుంటే నేను కొన్నాళ్లు ఇట్లనే దాటేస్తుంటి.

నా సంగతంటరా? మీ చర్చివి రెండు పెండ్లిండ్లు ఒప్పుకొని ఉంటి, రెండూ వద్దన్నరు. అందుల ఒకటి ప్రిస్కిల్లా గారింటిది. ఆమె ఫోన్ చేసి, "ఏమనుకోకు భాగ్యా, మా వాళ్లు ఒప్పుకోవట్లేదు" అన్నది. ఏమనుకుంట? మంచిదమ్మా అన్న.

అగో, నూరేండ్లు! ఆమెనే వస్తున్నది. అదుగో బస్టాపుల, బైబిల్ సంచి భుజానికి. ఇటే చూస్తున్నది. అబ్బా, మీరు మట్టి పూసుకొని గీ ఎలుగుల కూసున్నరు, కనపడదా మరి? పరదా లాగుత ఉండుండ్రి... మీరు చెయ్యెత్తిన్రేంది? చెయ్యి ఊపుతున్నరా ఆమెకు! టీచరమ్మా, దించుండ్రి, ఆమె ఇటే రోడ్డు దాటుతున్నది!

ఆఁ, రాండి రాండి మేడం. అవునండి, మన సారమ్మ టీచరే. మాట్లాడొద్దండి ఆమె, ప్యాక్ ఉన్నది. ఏందండి? ఆ, ఆదివారం గూడ తెరిసే ఉంటది. ఏప్రిల్ ఇరవయ్యా? పెండ్లి మేకప్పా... మల్ల మీ వాళ్లు... ఆఁ, ఆఁ. టీచరే వచ్చిన్రంటే ఇంకేంది అంటరా. వీలైతదండి. ఎందుకు కాదు. సరే మేడం, ఫోన్ చేస్త. పోయిరాండి. బస్సు జాగ్రత్త.

...

పోయింది.

టీచరమ్మా.

మీరు అందుకొరకే వచ్చిన్రా?

తల ఊపకుండ్రి. నాకు సమజ్ అయింది. గీ తలుపు పక్క కుర్చీ, కీర ముక్కలు వద్దనుడు, తలుపు తెరిసే ఉంచమనుడు, కాసేపు కూసునే పని. చర్చి ఇడిసిన టైముకే వచ్చిన్రు. మొఖానికి మట్టి పూసుకొని బస్టాపు ముందట కూసున్నరు, మీ వాళ్లు అందరు చూడాల్నని. టీచరే పోయి కూసున్నదంటే ఆ షాపుకు పోవచ్చు అనుకోవాల్నని. వాసంతి మేడం మాకు చెప్పిన పాఠం, మీరెవరి దగ్గర నేర్సుకున్నరు?

అయ్యో. నాకెందుకు చేస్తున్నరు ఇది?

నేనేమనుకున్ననో ఎర్కనా? తిట్టనీకె వచ్చిన్రనుకున్న. అందుకే మీరు కూసునుడే ఆలస్యం ముల్తానీ మట్టి కలిపిన. పలుచగ పెట్టాలె మీ వయసుకు, నేను మందంగ పెట్టిన. రోజ్ వాటర్ గూడ సరిగ్గ కలుపలే. మీ నోరు కదలొద్దని పెట్టిన టీచరమ్మా. ఇరవై నిమిషాలు మీ మాట తప్పిచ్చుకుందామని. గంత పిరికిదాన్ని నేను.

కూసోండ్రి, లేవకుండ్రి. ఇంకో ఐదు నిమిషాలున్నది. అయిదు నిమిషాల్ల చెప్పేస్త. మల్ల మీరు మాట్లాడినంక నాకు చెప్పే ధైర్యం రాదు.

చెయ్యి అలవాటు కాదు.

మూడుసార్లు చెప్పిన్రు అన్న గదా, మూడుసార్లూ గుర్తున్నది నాకు. ఇరవై ఒక్క మందికి నేను మర్చిపోలే. దీప్తికి గూడ మర్చిపోలే. అంతా అయిపోయినంక ఆ పిల్లను చూసిన. నా చేతిల అంత మంచిగ ఏ ముఖమూ రాలే, ఇగ వస్తదో రాదో. ఫొటో తీసి పెట్టుకోవాల్ననిపించింది. ఊరికే కాదు, షాపుకు. పెండ్లికూతుర్లకు చూపెట్టనీకె. మా లాలాగూడ దిక్కోళ్లకు బొట్టు లేని ముఖం చూపెడితే పెండ్లి ఫొటో అంటరా? అనరు. అందుకని పర్సుల కెళ్లి ఎర్ర రాయి స్టిక్కర్ తీసి పెట్టిన.

దీప్తి అన్నది, "ఆంటీ, నాయనమ్మ వద్దంది" అని. ఒక్క నిమిషమే బిడ్డా, ఫొటో తీసి తీసేస్త అన్న. కండ్లు దించమన్న. రెండు ఫొటోలు తీసిన. మూడోది తీస్తుంటే మైకుల పిలిసిన్రు, పిల్ల చున్నీ మీదికి లాక్కొని ఉరికింది. నేను ఫోన్‌ల ఫొటో చూసుకుంట నిలబడ్డ. ఎంత మంచిగొచ్చిందో అనుకుంట. నా చేతి పనికి నేనే మురుసుకుంట.

గా మాట చెప్పేస్తే అయిపోవు గదా ఆనాడు? గా రాత్రే దీప్తికి ఫోన్ చేసిన. నీ కాళ్లు మొక్కుత బిడ్డా, ఫొటో సంగతి ఎవరికి చెప్పకు, మీ వాళ్లకు తెలిస్తే నా షాపు మూసుకోవాలె, అలవాటని చెప్పిన, గట్లనే ఉండనీ అన్న. "సరే ఆంటీ" అన్నది. గంతే. ఇప్పటికి రెండు నెలలైంది. మీకు గూడ చెప్పలేదు గదా? చెప్పలే. మీ మొఖం చూస్తే తెలుస్తున్నది. మాట నిలబెట్టుకున్నది మీ పిల్ల. మీరు గూడ దాన్ని అడిగే ఉంటరు, ఎందుకు పెట్టించుకున్నవే అని. ఏడ్సి ఉంటది.

ఇంకున్నది. ఆగుండ్రి. టవల్ తీస్త.

చూసిన్రా? అదే ఫొటో. లామినేషన్ చేయించిన. కింద పెద్ద అక్షరాలు, "భాగ్య బ్యూటీ పార్లర్, పెండ్లికూతుర్ల మేకప్", నెంబరు. పిల్లను అడగలే, మిమ్మల్ని అడగలే. మీ వాళ్లు ఎట్లాగు నా గడప తొక్కరు, ఎవలు చూస్తరులే అనుకున్న. దీన్ని చూసి ఎంతమంది వచ్చిన్రో టీచరమ్మా! ఏసీ సెలూన్‌కు పొయ్యేటోళ్లు గూడ ఆగి వచ్చిన్రు. లోపలున్న కొత్త కుర్చీ దాని పుణ్యమే. మీ సండే స్కూల్ పోయింది, నా కుర్చీ వచ్చింది. వాసంతి మేడం మంచికి నిలబడుండ్రి అన్నది, నేను నిలబడ్డట్టు ఫొటో దిగిన.

సిగ్గయితున్నది. దీన్ని చూసినప్పుడల్ల సిగ్గయితది, అయినా దించలే. మీరు ఒక్క మాట అనకుండ, మీ వాళ్లందరి ముందట మీ మొఖం నాకు అరువిచ్చి కూసున్నరు. నేను గీ గోడ మీద మీ పిల్ల మొఖం అడగకుండ పెట్టుకున్న. ప్రిస్కిల్లా గారింటి పెండ్లి నేనెట్ల ఒప్పుకుంట, చెప్పుండ్రి?

ఆఁ, అలారం. అయిపోయింది. ఎనకకు ఒరుగుండ్రి, తుడుస్త. నీళ్లు సల్లగున్నయా? మెల్లగ తుడుస్తనులే. కంటి కింద పగిలింది చూసిన్రా, గీడ, ఈ పక్క. నేను మాట్లాడొద్దంటే మీరు మాట్లాడలే గని, మట్టి మాత్రం పగిలింది. చెమటనా, కన్నీళ్లా, నాకు తెలుస్తలేదు. అయింది. నిగనిగలాడ్తున్నరు, నిజంగ.

ఇప్పుడు మాట్లాడొచ్చు టీచరమ్మా.

మాట్లాడుండ్రి. ఏమన్న అనుండ్రి.

తిట్టుండ్రి. నేను తలుపేస్త, ఎవలు ఇనరు. తలుపు ఎయ్యొద్దంటే ఎయ్య, అందరు ఇననీ. ఊకె అట్ల చూడకుండ్రి.

ఏంది? చెయ్యి చాపిన్రు. నీళ్లా? టవలా? కాదా... ఫొటోనా?

దించమంటరా? దించుత, ఒక్క నిమిషం, మేకు గట్టిగున్నది. ఇగో. చింపుతరా? చింపుండ్రి, లామినేషన్ చేతులతోని చినగదు, కత్తెర ఇస్త. చింపరా? సంచిల పెట్టుకుంటున్నరేంది! ఇంటికి తీస్కపోతరా, దీప్తికి చూపెట్టనీకె?

కాదా.

ఏసురత్నం గారికా?

తల ఊపిన్రు. అవును. చూపెట్టాలె. బొట్టు ఎవరు పెట్టిన్రు, ఎందుకు పెట్టిన్రు, ఒక్క చూపుకు తెల్వాలంటే దీన్ని మించింది లేదు. పిల్ల ఏం చెప్పే పని లేదు. నేను గూడ రానా మీ ఎంట? వద్దంటరా, సరే. పిలిస్తే వస్త. పిలవకున్నా రావాల్ననుకుంటున్న, చూస్త.

టీచరమ్మా, ఒక్కటి. కింద నా షాపు పేరు, నెంబరు ఉన్నయి. గా ముక్క ఒక్కటి కత్తిరించి ఇస్త, ఒక్క నిమిషం పట్టదు. కత్తెర గీడనే ఉన్నది. పైన ఫొటో చాలు గదా మీకు?

వద్దా.

సరే, ఉండనీ. నలుగురికి పేరు తెల్వాల్ననే గదా నేను అచ్చేయించింది.